బేగాయిమ్ ఎడమ కన్ను

బిష్కేక్,
ఫిబ్రవరి 11

వదినగారు కలీపా గారికి, అట్‌బాషి ఊరి నుంచి ఇక్కడికొచ్చిన ఊల్కాన్ సలాములు. మీరూ, అన్నయ్యగారూ, మీ గొర్రెలూ గుర్రాలూ ఈ మంచులో క్షేమమని తలుస్తాను. ఇక్కడ క్షేమమని మాత్రం రాయలేను. ఫోను చేద్దామని తీసి, మీ గొంతు తలచుకుని పెట్టేశాను. మీ వైపు కనుమ తెరుచుకోగానే వ్యాను డ్రైవరు ఈ ఉత్తరం తెస్తాడు.

మీ అమ్మాయి, నా కోడలు బేగాయిమ్‌కి మొన్న జలుబు చేసింది కదా. ముక్కు పక్కన సైనస్‌లలో చీము నిండి, ఎముక దాటి ఎడమ కంటి వెనక్కి చేరిందట. శుక్రవారం పొద్దున్నకి కన్ను ఉడకబెట్టిన గుడ్డంత వాచి మూసుకుపోయింది. ఇక్కడి ఆసుపత్రికి తెస్తే, డాక్టరమ్మ రెప్ప ఎత్తి వేళ్ళు చూపిస్తే ఎన్నో చెప్పలేకపోయింది. ఇంకో రోజు ఆగితే చూపు పోయేదే, మెదడుకీ పాకేదే అన్నారు.

ముఖం కోస్తారేమోనని గుండెలు బాదుకున్నాను. డాక్టరమ్మ నవ్వి, గాటు ఒక్కటీ పడదు పెద్దమ్మా, ముక్కులోంచే దీపమున్న సన్న గొట్టం పంపి, టీవీలో చూసుకుంటూ చీము లాగేస్తాను అంది. గంటన్నరలో లాగేసింది కూడా. చూపు సంగతి మాత్రం వాపు దిగి రెప్ప తెరుచుకుంటే గాని చెప్పలేనంది. రేపు చూస్తారు.

ఈ గదిలో నాకు ఊపిరాడటం లేదు వదినా. మా చుట్టాలంతా రొట్టెలు మోసుకొచ్చి, మంచం చుట్టూ చేరి దాన్నే తిడుతున్నారు. ఈ కాలం కోడళ్ళకి తలగుడ్డ బరువైపోయింది, తడితలతో చలిలో తిరిగుంటుంది మహారాణి అని మా ఆడపడుచు దెప్పింది. ముక్కు నిండా దూది కుక్కితే పిల్ల నోటితో ఊపిరి తీస్తూ గోడవైపు తిరిగింది. నేను లేచి బయటికి పోదామంటే నా చెయ్యి వదలదు.

చీమున్నచోట కాపడం ఎవరు పెట్టారు, ఆ వేడికే ఇంత ముదిరింది, చెంప కూడా కమిలిందే అని డాక్టరమ్మ అడిగింది. నేనే పెట్టుకున్నాను అంది మీ అమ్మాయి. చూశారా ఎంత తెలివితక్కువ పనో! కాగితంలో అదే రాసుకున్నారు.

మీరు బెంగ పెట్టుకోకండి.

మీ వియ్యపురాలు
ఊల్కాన్

తా.క. వదినా, పైన అబద్ధం రాశాను. ఉప్పు వేయించి, మేజోడులో పోసి, మూడు రోజులు దాని చెంపకి అదిమింది నేనే. కాలుతోంది అమ్మా అంటే, మా అత్త నాకూ పెట్టింది, నేను చచ్చానా అని కసిరాను. ఆసుపత్రికి పోతానంటే, జలుబుకి ఆసుపత్రేమిటి, ఆవుల పని ఎవరు చేస్తారు అన్నాను. కోడలు అత్త పేరు పలకకూడదని మన కట్టు, సరే. డాక్టరమ్మ అడిగినప్పుడు నా వైపు వేలు చూపించొచ్చుగా? నేను పక్కనే నిలబడ్డాను. చూపించలేదు. పొద్దున్నే డాక్టరమ్మకీ, మా ఆడపడుచుకీ చెప్పేస్తాను. ఆ రెప్ప తెరిచేటప్పుడు ఎదురుగా ఉండేది నేనే. నన్ను చూసి మొహం తిప్పుకున్నా సరే వదినా, చూస్తే చాలు.