ఖాళీ పీట ముందు క్యారేజీ

మరియమ్మత్తా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న మన పలకల ఫ్యాక్టరీలో నన్ను మేస్త్రిని చేశారు. ఫ్రేములు బిగించే చోట ఆడమనిషి మేస్త్రి కావడం ఇదే మొదలు. నువ్వుంటే మార్కాపురమంతా చాటేదానివి.

ఈ రోజు పొద్దున సలోమి టైముకు రాలేదు. చంటిబిడ్డ తల్లి. ఇంకోసారి ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తానని ఓనరు ముందే అన్నాడు. చూస్తే, ఆమె ఖాళీ పీట ముందు ఎవరిదో అన్నం క్యారేజీ ఉంది. నాకు నవ్వొచ్చింది.

నా బిడ్డకు మాటిమాటికీ జ్వరాలొచ్చిన ఏడాది, నేను ఆలస్యమైనప్పుడల్లా నువ్వు నీ క్యారేజీ నా పీట ముందు పెట్టేదానివి. “వచ్చింది నాయనా, నీళ్లు తాగేదానికి పోయింది,” అనేదానివి. అప్పటి ముసలి మేస్త్రి తల ఊపి వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం ఆ క్యారేజీలోని సంగటి ఇద్దరం తింటూ, “ఎంత ఎర్రిబాగులోడే!” అని నువ్వంటే పొలమారేదాకా నవ్వుకునేవాళ్ళం.

ఓనరు వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “సలోమి ఏదమ్మా?” అన్నాడు.

“నీళ్లు తాగేదానికి పోయింది సార్,” అన్నాను.

ఆడవాళ్ళంతా నవ్వు దాచుకుంటూ తలలు వంచుకున్నారు. సలోమి వచ్చినాక పక్కకు పిలిచి, “బిడ్డకు బాగలేకుంటే నాకు ముందే చెప్పు. నీ పని పోనీయను,” అన్నాను. మధ్యాహ్నం మిగతావాళ్ళు, నేనూ ఆ క్యారేజీని చూసి నమ్మేశాననుకుని, మనలాగే నవ్వుకునే ఉంటారు.

ఆ ముసలాయన ఎర్రిబాగులోడు కాదత్తా. మేస్త్రి నిలబడే చోటు నుంచి చూస్తే, నీళ్ల కుండ ఎదురుగానే కనిపిస్తుంది.