ముందు చక్రాల పని

బండి యజమానురాలికి, నీ ఆయన ఎంతో ప్రేమగా, కొంచెం భయంగా రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం, చిన్నది క్షేమం, బండి క్షేమం. బండి మాట మొదటి వరుసలోనే ఎందుకు పెట్టానంటే, కవరు చించగానే నీ కళ్ళు దానికోసమే వెతుకుతాయని తెలుసు. నీ భుజం ఎలా ఉంది? ఆపరేషన్ తర్వాత చెప్పిన వ్యాయామాలు చేస్తున్నావా, లేక మీ అక్కయ్య వంటింట్లో దూరి డబ్బాలు సర్దుతున్నావా? ఫోనులో అడుగుదామంటే ఆవిడ స్పీకరు పెట్టేస్తుంది. నేను "ఎలా ఉన్నావు" అని అడిగితే "బాగానే తింటోందిలే" అని జవాబు ఆవిడ చెబుతుంది. అందుకే ఈ ఉత్తరం.

పొద్దున్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కుట్టు మిషను బల్ల మీదే కాగితం పెట్టుకున్నాను. రెండు వాక్యాలు రాయడం, లేచి కిటికీలోంచి బండిని చూడడం. స్కూలు యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. నిన్న ఒక చొక్కాకి ఎడమ చెయ్యి రెండుసార్లు కుట్టాను. చిన్నది చూసి "నాన్నా, వీడికి కుడి చెయ్యి లేదా?" అంది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. ఇంజను ఆయిలు మార్పించాను. రేడియేటరు పైపు ఒకటి మెత్తబడి ఉబ్బితే అదీ మారింది. వర్క్‌షాపు మేస్త్రీ టైమింగ్ బెల్టు కూడా మార్చేద్దామన్నాడు. "చూడ్డానికి బాగానే ఉందిగా" అన్నాను. "తెగేముందు రోజు కూడా బాగానే ఉంటుంది మాస్టారూ. అది తెగితే ఇంజను కూడా పోతుంది" అన్నాడు. సరేనన్నాను. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన జీపు కదా, ఇంకెంతకాలం నడుస్తుందని అడిగితే, "ఇంజను ముసలిది కాలేదండీ, దాని చుట్టూ ఉన్న రబ్బరే ముసలిదైంది. పైపులూ బుష్షులూ మారుస్తూ ఉండండి, అడుగున తుప్పు పట్టకుండా చూసుకోండి. అంతకుమించి నేను హామీ ఇవ్వను" అన్నాడు.

అన్నట్టు, కుడివైపు టకటక శబ్దం సంగతి రాశాను కదా. మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు చెవికి ఆనించి విని, బేరింగు పోయిందని తేల్చి, చక్రం మొత్తం విప్పేశాడు. ఏమీ దొరకలేదు. చివరికి చూస్తే నీ సీటు కింద స్టీలు ఫ్లాస్కు దొర్లుతోంది. మేస్త్రీ ముఖం చూడాల్సింది. ఫ్లాస్కు కడిగి అలమరలో పెట్టాను.

నెలకోసారి, నాలుగు చక్రాలకీ ఇంజను బలం ఇచ్చే ఆ ఫోర్‌వీల్ లివరు వేసి మట్టి దారిలో కాస్త నడపమన్నావు. వాడకపోతే లోపల బిగుసుకుపోతుందన్నావు. నువ్వు రాసిన మాట రాసినట్టే చేశాను. లివరు లాగాను, పెరటి వెనక మట్టిలో తిప్పాను, మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. నా అంత బుద్ధిమంతుడు లేడనుకున్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక అసలు ప్రశ్న. ఇటుకబట్టీ ఆయన కొనడానికి వస్తాడు, బండి చూపించి తాళాలు ఇచ్చెయ్యి అని రాశావు. వచ్చాడు. బండి వర్క్‌షాపులో ఉందని చెప్పాను. అది పెరట్లోనే టార్పాలిన్ కింద ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నంతసేపూ, చిన్నది నోరు జారుతుందేమోనని దానివైపే చూస్తున్నాను. ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. ఈలోగా ఈ ఉత్తరం నీకు చేరాలి. ఎందుకు అబద్ధం చెప్పానో ఇప్పుడు చెబుతాను. కోపం వస్తే రానీ, చివరిదాకా మాత్రం చదువు.

నీ స్థానంలో వచ్చిన కొత్త నర్సమ్మకి ఆఫీసు వాళ్ళు బండి ఇవ్వలేదు. కొండ మీది పేటలకి వెళ్ళే దారి లేక, టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని మన గుమ్మంలో కూర్చుంది. నేను బజారు దాకా తప్ప నడపనని నీకు తెలుసు. ఆ పిల్ల ముఖం చూసి కాదనలేకపోయాను. వానలు మొదలైనప్పటి నుంచి ప్రతి వారం నేనే తీసుకెళుతున్నాను. మొదటిసారి మలుపుల దగ్గర నా చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. తర్వాత అలవాటైంది. నీకు చెబితే వద్దంటావని దాచాను.

పోయిన వారం పైపేటలో ఒక అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. వెనక సీట్లో ఆ అమ్మాయి, పక్కన వాళ్ళ అత్తగారు, ముందు కొత్త నర్సమ్మ. వాగు దిగి ఎక్కే చోట బురదలో బండి ఆగిపోయింది. లివరు లాగాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్ముతున్నాయే తప్ప ముందు చక్రాలు కదల్లేదు. మళ్ళీ లాగాను. ఇంజను అరుస్తోంది, వెనక ఆ అమ్మాయి అరుస్తోంది. బండి చచ్చిపోయిందనే అనుకున్నాను. నా చేతుల్లో రెండు ప్రాణాలు పోతాయనుకున్నాను. ఏడుపొచ్చింది, నిజంగా.

అప్పుడు ఆ అత్తగారు వెనక నుంచి నా భుజం తట్టింది. "బాబూ, మన నర్సమ్మ ఇక్కడికి రాగానే దిగి, ముందు చక్రాల దగ్గర ఏదో తిప్పేది. నువ్వు తిప్పలేదు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళయినప్పటి నుంచి నీ పక్క సీట్లో ఎన్నిసార్లు ఆ దారిన వచ్చాను! వానలో నువ్వు దిగేదానివి, రెండు చక్రాల దగ్గరా వంగేదానివి, తడిసి వచ్చి స్టీరింగు పట్టుకునేదానివి. టైర్లలో గాలి చూస్తున్నావనుకున్నాను. కిటికీ అద్దం ఎత్తుకుని కూర్చునేవాణ్ణి. చక్రం మధ్యలో ఉన్న ఆ బిళ్ళ తిప్పితే తప్ప ముందు చక్రాలకి ఇంజను బలం అందదని, లోపల లివరు ఎంత లాగినా దండగేనని నాకెలా తెలుస్తుంది? నీకది ఊపిరి పీల్చుకున్నంత మామూలు, అందుకే ఉత్తరంలో కూడా రాయలేదు. పెరట్లో నేను చేసిన విన్యాసమంతా వట్టిదే!

దిగాను. ఎడమది తిరిగింది. కుడిది తిరగలేదు. నా తువ్వాలు చుట్టి, రెండు చేతులతో, పళ్ళు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని తిప్పితే చివరికి కదిలింది. తర్వాత లివరు లాగగానే బండి గట్టు ఎక్కేసింది. ఆసుపత్రిలో నేను కాళ్ళ బురద కడుక్కునేలోపు లోపల బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల.

మర్నాడు మేస్త్రీకి ఆ బిళ్ళ చూపించాను. విప్పి చూసి తల పట్టుకున్నాడు. "ఇది గ్రీజు ముఖం చూసి ఏళ్ళయింది. అమ్మగారు ఎలా తిప్పేవారండీ దీన్ని?" అన్నాడు.

ఎలా తిప్పేదానివి? చెప్పు. ఆయిలు మార్చాలని గుర్తుంటుంది, బెల్టు గుర్తుంటుంది, ఇది బిగుసుకుపోయిందని ఒక్కసారి ఎవరితోనైనా అన్నావా? స్టీరింగు తిప్పీ తిప్పీ భుజం అరిగిందని డాక్టరుకి చెప్పావు. నేను పక్కనే ఉండి తల ఊపాను. ప్రతి వానకీ ఆ తుప్పు బిళ్ళతో కుస్తీ పట్టింది నీ కుడి చెయ్యి. ఆ సమయంలో నేను లోపల పొడిగా కూర్చున్నాను. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. అంతకంటే ఎక్కువ నా మీద.

మేస్త్రీ కడిగి, గ్రీజు పెట్టి బిగించాడు. ఇప్పుడు చిన్నది రెండు వేళ్ళతో తిప్పుతోంది. నేను కళ్ళారా చూశాను.

బండి నీది. అమ్మమంటే ఆదివారం తాళాలు ఇచ్చేస్తాను, ఎదురు మాట్లాడను. కానీ భుజం కోసమే అమ్ముతున్నట్టయితే ఒక్కసారి ఆలోచించు. ఇటుకలు మోయడానికి ఆ బండి వెళ్ళిపోయాక, వాగు అవతల వాళ్ళు నీకోసం చూసే చూపు నేను చూడలేను. నడపడం నాకిప్పుడు వచ్చు. నువ్వు నీ టీకాల పెట్టెతో పక్క సీట్లో కూర్చో. ఫ్లాస్కు నీ ఒళ్ళో పెట్టుకో. వాగు రాగానే అలవాటు కొద్దీ తలుపు మీద చెయ్యి వేస్తావు, నాకు తెలుసు. వెయ్యకు. అద్దం ఎత్తుకుని పొడిగా కూర్చో.

నీ జవాబు కోసం గుమ్మంలోకీ పెరట్లోకీ తిరుగుతూ ఉంటాను.

ఇట్లు,
ఇకమీదట వానలో దిగేవాడు,
నీ ఆయన.