జమ్ములో పిట్ట

దేవమణక్కా, వందనాలు. నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

చిన్నప్పుడు మన పొలం పక్క జమ్ముగడ్డిలోంచి లేచే పిట్ట గుర్తుందా? నేను పిచ్చుక అంటే, "పిచ్చికయితే ఊరొగ్గీసి జమ్ములో ఏటి సేస్తాదే?" అని కసిరేదానివి. నిన్న పక్షుల లెక్కకని శ్రీకాకుళం అవతల నీళ్లు నిలిచే తంపర భూముల్లోకి వెళ్తే అదే కనిపించింది. వీపంతా నల్లటి గీతలు, తోక చివర తెలుపు. గాలిలో పడుతూ లేస్తూ, లేచినప్పుడల్లా "జిట్" అంటుంది. ఆ అరుపుతోనే దాన్ని గుర్తుపట్టాలట. పేరు సిస్టికోలా. పిచ్చుక కాదు, నువ్వే గెలిచావు.

సంతోషం పట్టలేక, మోకాలి లోతు బురదలో నిలబడే ఆ అరుపు రికార్డు చేసి నీ ఫోన్‌కి పంపేశాను. జ్వరంతో నీ వినికిడి పోయిందని పంపాక గుర్తొచ్చింది. చెరిపేద్దామనుకునేలోపే నువ్వు చూసేశావు. ఫోన్ చెవికి ఆనించుకుని ఉంటావు కదూ. మళ్లీ మెసేజ్ పెట్టడానికి చెయ్యి రాలేదక్కా, అందుకే ఈ కార్డు.

చెవి మిషన్ ఏమైనా పనిచేస్తోందా? బావని ఉప్పుచేపలు తగ్గించమను. నా గొడుగు మీ ఇంట్లోనే మరిచానేమో, చూసి ఉంచు. మీ అందరికీ దేవుడు తోడుండాలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక బొబ్బిలి వస్తాను. అప్పట్లో ఆ పిట్టలాగే నాలుకతో చప్పుడు చేసేదానివి, ఒక్కసారి చేసి వినిపించు. తేడాగా వచ్చినా నేను చెప్పను.

నీ చెల్లి,
షాలిని