అమ్మ పేరు పైకొచ్చిన రోజు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావగారికి మోకాలి నొప్పి తగ్గింది, గొణుగుడు మాత్రం తగ్గలేదు. ఓడలో తిండి ఒంటికి పడుతోందని రాశావు, సంతోషం. నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. ఒక్కటి మాత్రం చివరికి ఉంచుకున్నాను.

మా కళ్ళాసుపత్రి ఐ బ్యాంకులో పాత కంప్యూటర్ ఇక చేతులెత్తేసేలా ఉంది. దానంగా వచ్చే కంటిపొర, కార్నియా కోసం ఎదురుచూసేవాళ్ళ వివరాలన్నీ దాని కడుపులోనే ఉన్నాయాయె. నువ్వు రాసిన కమాండ్లు పక్కన పెట్టుకుని నల్ల తెర ముందు కూర్చున్నాను. మౌస్ లేనిదే అడుగు వేయలేని మా గుమాస్తా, ఇదేం మంత్రాలండీ అని ఒకటే నవ్వు. ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కగానే ఆ పేర్ల టేబుల్ మొత్తం టెక్స్ట్ ఫైలుగా బయటికొచ్చింది. మనిషికో లైను, తెరిస్తే మామూలు రాతలాగే చదువుకోవచ్చు. ఇంకో లైనుతో దాన్ని కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అక్కడ ఎన్ని పేర్లున్నాయో ఇక్కడా అన్నే. గుమాస్తా నవ్వు ఆగింది. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదనుకో.

ఆ ఉదయమే ఒక కార్నియా వచ్చిందని, వరస తీసివ్వమని పెద్ద డాక్టరుగారు అడిగారు. మా దగ్గర ముందు నమోదైనవాళ్ళకే ముందు. వరస తీశాను. మొదటి పేరు అమ్మది.

అవును తమ్ముడూ, ఇదే నీ దగ్గర దాచింది. అమ్మ తన చేత్తో ఎందుకు రాయడం లేదని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. రెండు కళ్ళూ మసకబారాయి, అక్షరం ఆనడం లేదు. నీకు తెలిస్తే ఉద్యోగం వదిలేసి వస్తావని నాచేత ఒట్టు వేయించుకుంది. నవంబరు రెండో తేదీన నేనే పేరు రాయించాను.

నవంబరులో చేరిన మనిషి అందరికంటే ముందుకెలా వస్తుంది? ఫైలు తెరిచి చూస్తే తెలిసింది. పాత కంప్యూటర్ రోజు ముందు, నెల తరువాత రాసింది. కొత్తది నెల ముందనుకుని చదివింది. అలా అమ్మ తేదీ 2-11 కాస్తా ఫిబ్రవరి పదకొండైంది. పదమూడో నెల ఉండదు కనక, పన్నెండు దాటిన రోజులున్నవాళ్ళకి తేదీ ఖాళీగా పడి, పేర్లు అట్టడుగుకి పోయాయి. నేను పేర్లు లెక్కపెట్టుకుని మురిసిపోయానే గాని తేదీల జోలికే పోలేదు.

నీ దగ్గర దాపరికమెందుకు, వెంటనే దిద్దలేదు రా. ఆ కాగితం అలాగే ఇచ్చేస్తే అడిగేవాళ్ళు లేరు. ఎదురుగా టీ చల్లారిపోయింది. ఏమీ చేయకుండా కూర్చున్నాను.

అప్పుడు ఫోను మోగింది. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ, వారం వారం చేస్తుంది.

"ఈసారైనా నా పేరు దగ్గరికొచ్చిందా అమ్మా? సూదిలో దారం ఎక్కించడానికి కూడా పక్కింటివాళ్ళని పిలవాల్సొస్తోంది."

వెతికాను. ఆవిడ చేరింది మే ఇరవైన. పేరు అడుగున ఉంది, తేదీ గడి ఖాళీ. నామీద నాకే అసహ్యం వేసింది. ఫోను దగ్గరే ఉండండి, చెబుతానన్నాను. కొత్త టేబుల్ ఖాళీ చేసి, తేదీలో సంవత్సరం ముందు వచ్చేలా పాతదాంట్లోంచి మళ్ళీ ఫైలు తీసి ఎక్కించాను. ఈసారి ఒక్కొక్క తేదీ వేలు పెట్టి మరీ చూసుకున్నాను. మొదటి పేరు కుట్టుపని ఆవిడదే. డాక్టరుగారికి జరిగిందంతా చెప్పి కాగితం ఇచ్చాను. చీవాట్లు పెట్టారు. పడ్డాను.

ఆపరేషనయ్యాక ఆవిడకి కట్టు విప్పిన రోజు సాయంత్రం అమ్మకి అంతా చెప్పేశాను.

"ఆవిడకి కనిపిస్తోందా?" అంది.

"కొద్దికొద్దిగా. నా చీర రంగు చెప్పింది."

"మరి నా ముందు ఇంకెంతమంది?"

"ఇద్దరే."

"అయితే దగ్గరికొచ్చేశాను కదే," అని అమ్మ లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, నీ ఉత్తరాలన్నీ తెచ్చి దిండు కింద పెట్టుకుంది. ఇకమీదట వాటిని నన్ను చదవద్దంది, తనే చదువుకుంటుందట.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ అక్క