లైనులో అంజలి రాయి

కొత్తచెరువు,
ఆదివారం

విడపనకల్లు షాపులో పాడైపోయిన సెల్‌ఫోన్ల మధ్య తలెత్తకుండా కూర్చునే మా అన్నకు చెల్లెలు సుజాత నమస్కారాలు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదినా పిల్లలూ ఎలా ఉన్నారు? ఫోన్లో చెబితే సగంలోనే నవ్వి పెట్టేస్తావు, అందుకే కాగితం తీసుకున్నాను.

నేను బాగానే ఉన్నాను. గది రేకులది, పగలు లోపల కూర్చుంటే ఉడికిపోతాం. ఇక్కడి హోటల్లో సాంబారు తియ్యగా ఉంటుంది. వదిన రోట్లో నూరే చెనక్కాయల ఊరుబిండి కలలోకి వస్తోంది, ఎవరైనా ఇటు వస్తుంటే ఒక డబ్బా పంపించు. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చుంటాను. అయినా బాగానే ఉన్నాను, అమ్మతో అలాగే చెప్పు.

సెలవులకు రాలేదని అమ్మ అలిగిందట. ఏం చేయను, పిల్లల టెక్నాలజీ శిబిరాలకు సాయంగా మా స్కూలువాళ్లు నన్ను పంపారు. బెంగళూరు సంస్థ ఒకటి వ్యానులో నాలుగు ల్యాప్‌టాప్‌లు వేసుకుని ఊరూరూ తిరుగుతుంది. మొదట్లో నాకూ సంబరమే. ఇప్పుడు ఆ వ్యాను కనబడితేనే ముఖం తిప్పుకుంటున్నాను. దిగగానే బ్యానరు కడతారు, పిల్లలకు టోపీలు పెట్టి ఫోటోలు తీస్తారు, ఫోటో అయ్యాక ఆ టోపీలు కూడా వెనక్కి లాక్కుంటారు. మట్టి ఎండితే దానంతట అదే తిరిగే చిన్న నీళ్ల మోటారు ఒకటి తెచ్చారు. దాన్ని ఆడించే ప్రోగ్రాం పిల్లల చేత రాయించాలి. “ఆన్ అయితాది సరే, బోర్లో నీళ్లుండొద్దా అన్నా?” అని ఒక పిల్లాడు అడిగితే, ఆ సంస్థ ఇన్‌చార్జి “మంచి ప్రశ్న” అని ఫోన్ చూసుకున్నాడు.

పోయిన వారం కదిరి దగ్గర ఒక ఊళ్లో శిబిరం వేశారు. పిల్లలు చాలామంది, ల్యాప్‌టాప్‌లు నాలుగే. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె బదులు రాయి పెట్టి పోతాం కదా, అలాగే వాళ్లు స్కూలు వరండాలో రాళ్లు వరసగా పెట్టుకున్నారు. ఎవరి రాయి వాళ్లకు తెలుసు. ఒక్క గొడవ లేదు. అంజలి అని ఏడో తరగతి పిల్ల, తప్పు పోకూడదని ప్రోగ్రామంతా అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. రెండు రోజులూ రాయి ముందుకు జరుపుకుంటూ కూర్చుంది. ఆఖరి రోజు వంతు దగ్గరకొచ్చిందనగా ట్యాంకరు హారను వినిపించింది. వాళ్లమ్మ కూలికి పోయింది, నీళ్లు పట్టాల్సింది ఈ పిల్లే.

“నా రాయి ఈడే ఉండాది, చూస్తాండండి మేడం” అని పరుగెత్తింది.

అంతలో ఇన్‌చార్జి వరండాలోకి వచ్చాడు. “ఏంటీ చెత్త? వీడియోలో పడుతోంది” అని మనిషిని పెట్టి రాళ్లన్నీ కిందికి తోయించాడు. అవి పిల్లల వంతులు సార్ అని అడ్డం పోయాను.

“రాళ్లకు వంతులేంటి మేడం?” అని నవ్వాడు. ఊరి పెద్దమనిషి మనవణ్ణి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి వీడియో తీయించి, సామాను వ్యానెక్కించాడు. ఒక్క పిల్ల మిగిలింది, కాసేపు ఆగండి అని బతిమాలాను. “ఆ అమ్మాయికీ సర్టిఫికెట్ ఇచ్చేశాం కదా” అన్నాడు. అన్నా, మనిషి మీద అంత అసహ్యం నాకెప్పుడూ పుట్టలేదు. ఆ పూట అన్నం సయించలేదు.

తడిసిన పావడాతో అంజలి తిరిగొచ్చేసరికి వ్యాను లేదు. వ్యాను సంగతి తను అడగలేదు. ఊడ్చిన వరండా చూసి, “నా రాయి ఎవురు తీసినారు మేడం?” అంది. మనవైపు మాటల్లేని ఇళ్లవాళ్లు కూడా ట్యాంకరు దగ్గర ఒకరి రాయి ఒకరు ముట్టరు. వరండా కింద ఊడ్చిపోసిన చెత్త వైపు చూపించాను.

ఇక ఆ వ్యాను ఎక్కనని స్కూల్లో చెప్పేశాను. ఏమంటారో తెలియదు, ఏమన్నా నాకు భయం లేదు. నేను బీఎడ్‌లో వాడిన పాత ల్యాప్‌టాప్ నీ షాపు అటక మీద ఉంది కదా, దాన్ని బాగుచేసి బస్సులో వేయించు. స్క్రీను మీద గీతలున్నా పర్వాలేదు. ఆదివారాలు పోయి నేర్పిస్తానని అంజలికి మాటిచ్చాను.

అమ్మ పాదాలకు నా దండాలు, నన్ను మంచిగా దీవించమను. వదినను అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు. ల్యాప్‌టాప్ మాత్రం ఆలస్యం చేయకన్నా. ఆ పిల్ల చెత్తలో వెతికి తన రాయి తెచ్చుకుని, మళ్లీ అదే చోట పెట్టి ఇంటికి పోయింది.

నీ చెల్లెలు
సుజాత