మా ఆవిడ ముందే చెప్పేసిన ఫలితం

విశ్వవిద్యాలయ పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,
ఇస్త్రీ దుకాణం నడుపుకునే ఒక విద్యార్థి తండ్రి రాసుకున్న అర్జీ.

అయ్యా,

పాసయ్యాడండీ! మా చిన్నోడు మొదటి సంవత్సరం ఫిజిక్స్ పాసయ్యాడు! నలభై నాలుగు మార్కులు!

క్షమించాలి. అర్జీలో ముందు విషయం రాయాలనీ, సంతోషం రాయకూడదనీ మావాడితో చదివే అమ్మాయి చెప్పింది. నా చెయ్యి ఆగలేదు. పై ముక్కలు కొట్టేయడానికి మనసు రాక అలాగే ఉంచుతున్నాను.

విషయం: మా కుమారుని మార్కుల మెమోలో ఉత్తీర్ణుడైన తేదీని కొంచెం వెనుకకు జరిపించవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై తమరికి సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. దుకాణమంటే మా ఇంటి ముందుగదే. పొడవాటి ఇస్త్రీ బల్ల, బట్టల మూటలు, గోడవారగా ఒక బెంచీ. ఆ బెంచీ మీదే మా చిన్నోడూ, వాడి తరగతి పిల్లలిద్దరూ కూర్చుని ఫిజిక్స్ చదివేవారు. ఒకడు నిచ్చెన, తల వంచితే గాని మా గుమ్మం దాటలేడు. రెండోది టీచరమ్మ, ఆ పిల్ల చెప్పడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఈ పేర్లు మా ఆవిడ పెట్టినవి. అసలు పేర్లు తమ రికార్డుల్లో ఉంటాయి.

సదరు ఫిజిక్స్ పేపరంటే పిల్లలకి ఎంత భయమో తమరికి ఎవరైనా చెప్పారో లేదో. "క్లాసులో సగం మంది ఇందులోనే పోతారట నాన్నా" అని మావాడు కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయేవాడు. నిచ్చెనకైతే పుస్తకం తెరిస్తే కడుపునొప్పి వచ్చేది, మూస్తే తగ్గేది.

2. మా ఆవిడకి చదువు రాదు. ఫిజిక్స్ అంటే ఏమిటో ఆవిడకి చివరిదాకా తెలియదు. కానీ ముగ్గురి చేతా పాఠం పైకి చెప్పించేది. తను చొక్కాల మీద పెట్టె నడుపుతూ వినేది. చెప్పేవాడి గొంతు ఎక్కడ తగ్గితే అక్కడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసేది.

"ఆగరా. గొంతు నేలకి దిగింది. అది నీకు రాదన్నమాట. మళ్ళీ చెప్పు."

పుస్తకం తీసి చూస్తే వాడు తప్పింది సరిగ్గా అక్కడే.

ఒకరోజు టీచరమ్మ ఫిర్యాదు చేసింది. "అమ్మా, మీవాడికి జడత్వం చాప్టరు అస్సలు ఎక్కట్లేదు" అంది.

"అదేం మాటే? జడత్వం వాడికి పుట్టుకతోనే ఉంది. పొద్దెక్కితే గాని మంచం దిగడు. అందులో కూడా తప్పుతాడా?"

నిచ్చెన నవ్వుతూ లేచి గుమ్మానికి తల కొట్టుకున్నాడు. ఇది అర్జీలో రాయదగ్గ సంగతి కాదని తెలుసు. కానీ మా ముందుగదిలో ఆ రోజు నవ్విన నవ్వు మళ్ళీ వినపడలేదండి, అందుకని రాశాను.

3. పరీక్ష రాసి వచ్చిన రోజు మావాడు బూట్లు విప్పకుండా బెంచీ మీద కూర్చున్నాడు. ఎలా రాశావురా అంటే "ఏమో" అన్నాడు. తరవాత కొన్నాళ్ళకే మా ఆవిడ ఆసుపత్రిలో చేరింది. రోగం పేరు ఇక్కడ అవసరం లేదు. ఆవిడ మాత్రం డాక్టరుని ఒక్క ప్రశ్నా అడగలేదు. కొడుకు కనిపిస్తే చాలు, "ఫిజిక్స్ ఏమైందిరా?" అనేది. "ఇంకా రాలేదమ్మా" అనేవాడు.

ఒక సాయంత్రం ముగ్గురూ కలిసి వచ్చారు. ఆవిడ ముఖం అప్పటికే బాగా లాగేసింది. అది చూసి నిచ్చెన తట్టుకోలేకపోయాడు.

"వచ్చేశాయమ్మా. అందరం పాస్" అనేశాడు.

ఫలితాలు ఇంకా తమరి బీరువాలోనే ఉన్నాయి. టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది.

"నీకెన్నిరా?" అని మా ఆవిడ నిచ్చెనని అడిగింది.

"డెబ్భై."

"నీ మొహం. వీడికి?"

మావాడు నేల చూపులు చూస్తూ, "నలభై రెండమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఎక్కువ అడగలేని వెర్రివాడండి నా కొడుకు.

పిల్లలు వెళ్ళగానే ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. బంధువులందరికీ వరసగా చేసింది. నర్సమ్మ వద్దన్నా వినలేదు. నాలుగు మాటలకి ఒకసారి ఊపిరి కోసం ఆగాల్సి వచ్చింది గాని, "మా చిన్నోడు ఫిజిక్స్ పాసయ్యాడు" అన్న దగ్గర మాత్రం గొంతు ఒక్కసారి కూడా తగ్గలేదు.

ఆ వారం దాటకుండానే పోయింది.

4. ఆ తరవాత తమరు ఫలితాలు విడుదల చేసితిరి. టీచరమ్మ పాసు. నిచ్చెన గట్టెక్కాడు, డెబ్భై కాదు గాని గట్టెక్కాడు. మావాడికి ముప్పై ఒకటి. ఫెయిలు.

బంధువులకి తెలియకుండా ఉంటుందా? మా ఆవిడ వదినగారు పరామర్శకి వచ్చి, ఆవిడ చీరలు మడతపెడుతూ నా ముందే అంది. "పోతూ పోతూ కూడా గొప్పలు మానలేదు. నోటితో ఆడిన చివరి మాట అబద్ధమే అయ్యింది, ఏం కర్మో" అని. పక్కనున్నవాళ్ళు ఔనన్నట్టు తలలూపారు. నాకు ఆ క్షణాన కోపం కూడా రాలేదండి. ఆ చీరకి అంచు అంచు కలపకుండా మడత వేస్తోందే, మా ఆవిడ చూస్తే ఊరుకోదే అని చూస్తూ ఉండిపోయాను. మా చిన్నోడు తలుపు అవతల నిలబడి అంతా విన్నాడు.

అప్పటి నుంచీ ఇదే మాట. పెళ్ళిలో కలిసినా, వీధిలో ఎదురుపడినా, "పాపం, అబద్ధమాడి పోయింది." పాతికేళ్ళు ఊరందరి బట్టలూ నలగకుండా అప్పగించిన మనిషండి. ఆవిడ మాట ఒక్కటే ఇలా నలిగిపోయింది.

5. వాడు సప్లిమెంటరీకి కట్టాడు. కానీ చదువు సాగలేదు. పుస్తకం పట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు, నోరు పెగలదు. "వినేవాళ్ళు లేరు నాన్నా" అన్నాడు. సరే, నేను వింటానని ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఆవిడ స్థానంలో నిలబడ్డాను. నాకు ఆ చెవి లేదు. గొంతు ఎక్కడ తగ్గుతోందో, ఎక్కడ హెచ్చుతోందో తెలిసేది కాదు. తప్పు జారిపోతుందేమోనని భయపడి ప్రతి వాక్యానికీ "మళ్ళీ చెప్పు" అనేవాణ్ణి.

"నాన్నా, ఇది వచ్చు నాకు."

"వస్తే ఇంకోసారి వస్తుంది. చెప్పు."

నిచ్చెన, టీచరమ్మ తమ రెండో ఏడు పుస్తకాలు పక్కన పడేసి వచ్చి వాడితోపాటు కూర్చున్నారు. అలా వాడు పుస్తకమంతా రెండేసిసార్లు చెప్పాడు. ఫలితం తమరు ఎరిగినదే. నలభై నాలుగు!

6. ఇక అసలు కోరిక. సదరు మెమో మొన్న చేతికి వచ్చినది. అందులో మావాడి మార్కుల పక్కన ఒక చుక్క గుర్తు, కింద "రెండవ ప్రయత్నము" అని, సప్లిమెంటరీ నెల, సంవత్సరం. ఆ తేదీకి మా ఆవిడ లేదు. ఆ చుక్క తీసేయించి, మొదటి పరీక్ష తేదీ వేయించినట్లయితే ఆవిడ చెప్పినది నిజమగును.

ఈ సంగతి తమ ఆఫీసు కిటికీ దగ్గర చెప్పుకున్నాను. అక్కడి గుమాస్తాగారు మంచివారు, కసురుకోలేదు. "పెద్దాయనా, పేరులో అక్షరం తప్పయితే మారుస్తాం గాని, జరిగిన రోజుని ఎలా మారుస్తాం? పై వాళ్ళకి రాసుకోండి" అన్నారు. అందుకని తమరికి రాయుచున్నాను. ఆవిడ ఫోన్లలో నలభై రెండు అని చెప్పింది. మావాడికి వచ్చినవి నలభై నాలుగు. కావలసివస్తే ఆ రెండు మార్కులూ తమరు వెనక్కి తీసుకుని తేదీ ఇప్పించండి. మాకు ఏ అభ్యంతరమూ లేదని ఇందుమూలముగా రాసి ఇస్తున్నాను.

7. ఇంకొక్క సంగతి రాయకపోతే తమరిని మోసం చేసినవాడినవుతాను. ఆ సాయంత్రం ఫోన్లన్నీ అయ్యాక ఆవిడ కళ్ళు మూసుకుని అంది.

"విన్నావా? నిచ్చెన గొంతు నేలకి దిగింది. నీ కొడుకు గొంతైతే మంచం కిందకే పోయింది."

"తెలిసే అంతమందికీ ఎందుకు చెప్పావే?" అన్నాను.

"నువ్వు చెప్పినా చదవడు, నేను చెప్పినా చదవడు. ఇప్పుడు చదువుతాడు చూడు. అమ్మ మాట పోనిస్తాడా?"

ఈ ముక్క బంధువులకి చెబితే పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నానన్నారు. తమరే న్యాయం చెప్పండి. ఆవిడది అబద్ధమెలా అవుతుందండీ? కాస్త తొందరపడి చెప్పిన నిజం. ఆవిడకి వ్యవధి లేదు.

కావున దయగల తమరు నా మొర ఓపికగా చిత్తగించవలెను. మా ఇంట్లో అందరి బట్టలకీ ముడతలు తీసిన మనిషి మాట మీద ముడత లేకుండా చేయించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
చిన్నోడి తండ్రి

తాజా కలం: మావాడు ఇప్పుడే ఇది చదివాడు. "నాన్నా, తేదీ మారదు. ఆ చుక్క ఉండనీ. అది అమ్మ పెట్టిన చుక్క అనుకుంటాను" అని, ముఖం తిప్పుకుని పెట్టె వేడెక్కించడానికి వెళ్ళిపోయాడు. కనుక తేదీ సంగతి తమరు మరిచిపోయినా ఫరవాలేదు. కానీ నా నోటి మాట మా వాళ్ళు నమ్మరు. ఆఫీసు ముద్ర వేసి, "పాసయ్యాడు" అన్న ఒక్క ముక్క ఈ కింది వారికి తెలియజేయించండి. ఆవిడ ఫోను చేసిన వరసలోనే రాశాను.

చిన్నోడి మేనమామగారు. చెవుడు, పెద్ద అక్షరాలతో రాయాలి.

ఆయన భార్య, చీరలు మడతపెట్టినావిడ. మెత్తగా చెప్పించండి. ఆ రోజు ఆవిడా ఏడ్చింది.

మా అక్క. ఈవిడకి చెబితే వీధి మొత్తానికి చెప్పినట్టే, తమకి కాగితం ఆదా.

మా పెద్దమ్మాయి, అల్లుడుగారు. సప్లిమెంటరీయా అని అల్లుడుగారు అడుగుతారు. జవాబు ఇవ్వనక్కర్లేదు.

మా ఆవిడ చెల్లెలు. ముందు కూర్చోమని, తరవాత చెప్పాలి.

చిన్నోడి తల్లి. ఈవిడకి మాత్రం కబురు అక్కర్లేదండి. ఈవిడకి అందరికన్నా ముందే తెలుసు.