ఏడో గడిలో దాచిన ఆట

ఈ కాగితం చదవబోయే నా కూతురికి, మరిదికి, తోటికోడలికి, దీన్ని అమలు జరపబోయే కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకి:

డెబ్బై మూడేళ్ళ దానను, దర్జీ దుకాణంలో ముప్పై ఎనిమిదేళ్ళు కాజాలు తీసి బొత్తాలు కుట్టిన దానను, అయిదో తరగతితో బడి మానిన దానను, నా ఇష్టంతో ఈ వీలునామా రాస్తున్నాను. నా తల సరిగ్గానే పనిచేస్తోంది. కళ్ళే పనిచేయడం లేదు. గురువారం కుడి కంటికి శుక్లం తీస్తారు. పదిహేను నిమిషాల పని, భయపడకండి అంది డాక్టరమ్మ. పదహారో నిమిషం సంగతి చెప్పలేదు. అందుకని రాస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. వద్దన్నవాళ్ళే ఎక్కువ.

నా ఆస్తిలో ముఖ్యమైనవి ఆటలు గనుక, వాటి గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. ఇవి కాల్చుకునే ఆటలు కావు, పరుగులు పెట్టే ఆటలు కావు. కంప్యూటర్ తెర మీద ఒక గది ఉంటుంది. బాణం గుర్తుతో దేన్ని నొక్కితే దాని సంగతి అక్షరాల్లో వస్తుంది. దొరికినవి సంచిలో వేసుకోవాలి, ఏది ఎక్కడ పనికొస్తుందో ఆలోచించాలి, ఒక్కో తలుపూ తెరుచుకుంటూ పోవాలి. అన్నీ పాతికేళ్ళ కిందటి పాత ఆటలు. మా దుకాణం పైన కంప్యూటర్ నేర్పే చోటు మూతపడ్డప్పుడు ఒక కంప్యూటర్ డబ్బా, ఒక పెట్టెడు డిస్కులు నాకిచ్చి పోయారు. తలుపు కనబడితే వెనకాల ఏముందో చూడకుండా ఉండలేను. తెరవాలంటే భయం. రెండూ నాకే ఎందుకిచ్చాడో దేవుడు.

1. కుట్టుమిషను, కత్తెరలు, బొత్తాల డబ్బాలు మూడూ నా కూతురికి. మిషను పెడల్ కింద నూనె మరక ఉంది, జారిపడేవు, చూసుకో.

2. ఆటల్లో దారి తప్పకుండా నేను గీసుకున్న పటాలు కూడా కూతురికే. అవి చొక్కాలు కత్తిరించే ఖాకీ కాగితం మీద, సుద్దతో, టేపు పెట్టి కొలిచి గీసినవి. ఒకసారి చీకటి గుహ పటాన్ని చొక్కా చేయి అనుకుని నువ్వు కత్తిరించేశావు. ఆ చొక్కా ఎవరికీ పట్టలేదు, ఆ గుహలోంచి నేనూ బయటికి రాలేదు. నిన్ను ఎప్పుడో క్షమించాను. ఇప్పుడు అన్నిటి మీదా పెద్ద అక్షరాలతో "ఇది చొక్కా కాదు" అని రాసిపెట్టాను.

3. ఆటల మీద నా అభిప్రాయాలు రాసిన గీతల నోటుపుస్తకాలు పదకొండూ కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకి. పాత ఆటల కోసం ఆయన ఇంటర్నెట్‌లో ఒక చోటు నడుపుతున్నాడు. నేను రాసింది తప్పులు దిద్ది అందులో పెట్టేది ఆయనే. అందరూ నక్షత్రాలిస్తారట, నేను బొత్తాలు ఇస్తాను. అయిదు బొత్తాలంటే నిండు చొక్కా. ఆరంభంలోనే మనిషిని చంపేసే ఆటకి నేను రెండుకి మించి ఇవ్వలేదు. నాకు గుండె దడ. నా తరవాత ఎవరైనా ఉత్తరం రాసి "అంత తక్కువ ఇచ్చారేం" అని అడిగితే, "ఆవిడకి భయమండీ" అని నిజమే చెప్పండి.

4. మా మరిదికి, పెరట్లో కోడిపిల్లని పట్టుకునే ఆట. చిన్నపిల్లల కోసం చేసింది. ముసలితనంలో ఈ బొమ్మలాటలేమిటి వదినా అని నలుగురిలో అన్నావు గుర్తుందా? ఆ రోజు నువ్వే కూర్చుని మొదటి గదిలోంచి గంటసేపు బయటపడలేకపోయావు. తలుపు పక్కనే గొళ్ళెం ఉంది. నొక్కు.

5. మెత్త దిండు ఉన్న నా కుర్చీ ఎవరికీ రాయడం లేదు. నేను బతికే ఉంటే ఎక్కడ కూర్చోను?

6. కంప్యూటర్, దీపస్తంభం ఆట డిస్కు, ఆ ఆటలో ఏడో గడిలో దాచినది, ఈ మూడూ నా తోటికోడలికి. ఎక్కడిదాకా ఆడామో దాచుకోవడానికి ఆటలో పది గడులుంటాయి. ఏడోది ఎవరూ ముట్టుకోకూడదు. ఎందుకో రాస్తాను. నోటితో చెప్పలేకపోయాను.

తొమ్మిదేళ్ళ కిందట ఆ ఆట మేమిద్దరం ఆడాం. నాకు తెర మీది అక్షరాలు నెమ్మది, తను గబగబా చదివేది, బాణం గుర్తు నేను తిప్పేదాన్ని. తను ఏ పనికైనా ముందుంటుంది, ఇంట్లో అందరూ తొందర అనే పిలుస్తారు. మూడు నెలలు ఆడి దీపస్తంభం పైకి చేరాం. చివరి తలుపుకి తాళం. తాళంచెవి ఎక్కడా లేదు. వెనక ఏముంటుందో పందెం వేసుకున్నాం. ఇంకో దీపస్తంభం అంది తను, ఎవరో పడుకుని ఉంటారన్నాను నేను. ఎంత వెతికినా తెరుచుకోలేదు. ఉన్న ఒక్క అగ్గిపుల్లనీ తను నేలమాళిగలో గీయించేసిందని, తాళంచెవి అందుకే దొరకలేదని నేను తేల్చేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. నోటుపుస్తకంలో రాశాను: "తొందర మనిషిని పక్కన పెట్టుకుని ఈ ఆట ఆడకండి. ఒక బొత్తం." అది ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. మరిది దాన్ని భోజనాల దగ్గర పైకి చదివాడు. అందరూ నవ్వారు. తను కంచం ముందు నుంచి లేచిపోయింది. "ఆట పాడైందని నా పేరు లోకమంతా చదివించావు కదక్కా. ఇక నీ తెర నువ్వే చదువుకో" అంది. అప్పటినుంచీ చదువుకుంటూనే ఉన్నాను, వేలు పెట్టి, ఒక్కో అక్షరం.

పోయిన నెల ఆ ఆట మళ్ళీ మొదలుపెట్టాను, మసక కళ్ళతోనే. ఆటలో మొదటి గదిలో ఉండగానే మా వంటింట్లోంచి పాలు పొంగుతున్న వాసన వచ్చి లేచి వెళ్ళాను. తిరిగి వచ్చి, అన్నీ మరిచిపోయి, నేరుగా మెట్లెక్కేశాను. చివరికి కిందికి వచ్చి చూస్తే, మొదటి గది బల్ల మీద ఒక తెల్లపక్షి. దాని ముక్కున తాళంచెవి.

పక్షి కిటికీలోంచి వచ్చింది. ఆ కిటికీ ఆట మొదట్లో తెరిచే ఉంటుంది. ఈసారి పాల గొడవలో దాన్ని మూయడం మరిచాను. తొమ్మిదేళ్ళ కిందట దాన్ని మూసింది నేను. బయట మబ్బు కనబడింది, వాన కొడుతుందేమో, బల్ల మీద కాగితాలు తడుస్తాయేమో అని. కిటికీ తీసి ఉంచి ఇల్లు కదలడం నా వల్ల కాదు, అది బొమ్మ ఇల్లయినా సరే. ఆ రోజే తను అంది, "ఎవరింటి కిటికీ అక్కా అది? తడిస్తే నీకేం?" అని. అగ్గిపుల్లతో ఆ తలుపుకి సంబంధమే లేదు.

తప్పు నాది. తనది కాదు. కళ్ళజోళ్ళ ఆయన ఈ రెండు మాటలూ పాత రాతకి పైన, పెద్ద అక్షరాలతో పెట్టాలి.

తాళంచెవి ఇప్పుడు నా సంచిలో ఉంది. తలుపు ముందు నిలబడి, ఏడో గడిలో దాచి, డబ్బా కట్టేశాను. మూడు వారాలైంది. అన్నం కలుపుతున్నా అదే ఆలోచన, వెనకాల ఏముందీ అని. ఒక్క నొక్కు చాలు. కానీ ఇద్దరం వేసుకున్న పందెం నేనొక్కతినే చూసేస్తే బాగుండదు. చెబుదామని రెండుసార్లు తన వీధి మలుపు దాకా వెళ్ళాను. రెండుసార్లూ గ్యాసు కట్టేశానో లేదో అనుకుని వెనక్కి వచ్చాను. గ్యాసు కట్టేసే ఉంది.

7. సాక్షులు ఇద్దరుండాలని, నేను సంతకం చేయడం చూశాకే వాళ్ళు చేయాలని దస్తావేజులు రాసే ఆయన చెప్పాడు. వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళు సాక్షిగా ఉంటే, వాళ్ళకి రాసింది చెల్లదట. కాబట్టి మా దర్జీ దుకాణం యజమానిని, ఎదురింటి నర్సుని పిలిచాను.

ఇక్కడి నుంచి అదే రోజు, సంతకానికి ముందు రాస్తున్నది:

నర్సుకి డ్యూటీ పడింది. రెండు వీధుల అవతల మీవాళ్ళే ఉన్నారు కదా అని యజమాని నన్ను అడగకుండా తోటికోడలికి ఫోన్ చేశాడు. ఆపరేషన్ అన్న మాట వినగానే తను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చింది. నేను కాగితం మీద చేయి అడ్డం పెట్టేలోపే లాక్కుని, నిలబడే మొదటి నుంచి చదివేసింది. ఆరో అంశం దగ్గర కుర్చీలో కూర్చుంది. మళ్ళీ చదివింది. "తొమ్మిదేళ్ళు కిటికీని పట్టుకుని కూర్చున్నావా అక్కా" అంది. యజమాని లేచి వెళ్ళి కాసిని మంచినీళ్ళు తెచ్చాడు.

ఆమె కలం అందుకుని, సాక్షి చోట సంతకం చేసేసింది. నేనింకా చేయనే లేదు. అలా చేస్తే నీకు రాసింది పోతుంది, ఏడో అంశం చదవలేదా అన్నాను. "చదివాను. నువ్వు పోయాక ఆ డబ్బా నేనేం చేసుకోను? పక్కన బాణం తిప్పేవాళ్ళెవరు? లే, ఆట ఇప్పుడే పెట్టు" అంది. సంతకాలు పూర్తికాకుండా లేవకూడదని యజమాని మమ్మల్ని ఆపాడు.

కాబట్టి ఆరో అంశంలో కంప్యూటర్, డిస్కు, ఏడో గడి తోటికోడలికి చెందుతాయన్న మాట కొట్టివేస్తున్నాను. తప్పు ఒప్పుకున్న మాటలు అలాగే ఉంటాయి. ఆ వస్తువులు ఈ రోజు నుంచే మా ఇద్దరివీ. తలుపు వెనక ఏముందో ఇందులో రాయను. ఆడేవాళ్ళ సరదా చెడగొట్టడం మంచి రాతగాళ్ళు చేసే పని కాదు.

ఈ సంవత్సరం మూడో నెల పదకొండో తేదీ, మంగళవారం, పగలు నాలుగు గంటలకు, నా ఇంటి ముందు గదిలో.

(సంతకం) కాజాలు తీసే ఆవిడ

సాక్షులు:
1. (సంతకం) దర్జీ దుకాణం యజమాని
2. (సంతకం) తోటికోడలు. రెండుసార్లు చేసింది. ముందు చేసినది కొట్టివేసి, నా సంతకం అయ్యాక మళ్ళీ చేయించాం. ఆ కాస్సేపూ ఆగలేక, కలం పట్టుకునే వెళ్ళి కంప్యూటర్ మీద గుడ్డ తీసింది.